గుర్రం మీద అమ్మాయిని వీడియో తీసి దూరంగా ఉన్న కోచ్‌కి పంపాలి, ఎక్కడ నిలబడి ఎలా తీయాలి?

మణికొండ_అమ్మ

నమస్తే అందరికీ. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. మొదట్లో శని, ఆదివారాలు సరదాగా వెళ్లేది. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెసాజ్ (గుర్రాన్ని లయ తప్పకుండా నిర్ణీత కదలికలు చేయించే స్వారీ) టీమ్ గోల్డ్ గెలిచింది కదా, 1982 తర్వాత గుర్రపు స్వారీలో మనకి మళ్లీ గోల్డ్ రావడం అదే, ఆ వీడియోలు చూసినప్పటి నుంచి జంపింగ్ వద్దు డ్రెసాజే నేర్చుకుంటానని పట్టుబట్టింది. హైదరాబాద్‌లో స్వారీ నేర్పేవాళ్లున్నారు, జంపింగ్ చెప్పేవాళ్లూ ఉన్నారు, కానీ డ్రెసాజ్ ఒక్కటే పట్టుకుని ఓపిగ్గా చెప్పేవాళ్లు మాకు దగ్గర్లో దొరకలేదు. చివరికి బెంగళూరులో ఉండే ఒక కోచ్ ఒప్పుకున్నారు. నెలకోసారి ఆయన వస్తారు, మిగతా వారాల్లో మేము వీడియో తీసి పంపితే చూసి ఏం మార్చుకోవాలో చెప్తారు.

ఆయన అడిగింది మూడు రకాలు: ఒకటి సి అక్షరం దగ్గర నుంచి, ఒకటి పక్క నుంచి, ఒకటి సర్కిల్ మధ్యలో నిలబడి. మూడూ ఎందుకో నాకు అర్థం కాలేదు, ఆయన బిజీగా ఉంటారు, ప్రతి చిన్నదానికీ ఫోన్ చేసి అడగలేను. నాకు గుర్రాల గురించి ఏమీ తెలియదు, తీసేది మాత్రం నేనే. మా అరీనా 20 బై 40 మీటర్లు, పొద్దున ఏడింటికి క్లాసు, అప్పుడు ఇంకో రెండు మూడు గుర్రాలు కూడా లోపలే ఉంటాయి. మా గుర్రం నల్లటి గోధుమ రంగు. నా దగ్గర మామూలు ఫోన్, ఒక ట్రైపాడ్ ఉన్నాయి. దానంతట అదే తిరుగుతూ గుర్రాన్ని వెంబడించి తీసే స్టాండ్లు వస్తున్నాయంటున్నారు, అవి కొనాలా? వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా? వీడియో కాల్ పెట్టి అప్పటికప్పుడే చెప్పించుకుంటే మంచిదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, వారం వారం చేయాల్సిన పని కాబట్టి మొదటి నుంచే సరిగ్గా చేద్దామని.

అనంతపురం_రైడర్

అక్కా, నేను బెంగళూరులోనే రైడ్ చేస్తాను, మా కోచ్ దగ్గరికి వచ్చే వీడియోలు ఆయన పక్కన కూర్చుని చూస్తుంటాను కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. మీ కోచ్ మూడు అడిగారంటే ఆయనకి పని తెలుసు, అది ముందు నమ్మండి. ఒక్కో చోటి నుంచి ఒక్కో సంగతి కనబడుతుంది, రెండోది అసలు కనబడదు.

సి అంటే అరీనాలో ఒక పొట్టి వైపు మధ్యలో ఉండే అక్షరం, ఎదురుగా ‘ఏ’ అనే అక్షరం ఉంటుంది, పోటీల్లో జడ్జి కూర్చునేది సి వెనకే. అక్కడ నిలబడితే సెంటర్ లైన్ మీద గుర్రం సూటిగా మీ వైపు వస్తుంది. వెనక కాళ్లు ముందు కాళ్ల బాటలోనే పడుతున్నాయా లేక నడుము ఒక పక్కకి జరుగుతోందా, పాప భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒక రికాబు మీద బరువు ఎక్కువ వేస్తోందా, జీను ఒక వైపుకి జారిపోతోందా, ఇవన్నీ ఇక్కడి నుంచే తెలుస్తాయి. పక్క నుంచి ఎంతసేపు తీసినా ఇవి తెలియవు. అలాగే గుర్రం మీ నుంచి దూరంగా ‘ఏ’ అక్షరం వైపు వెళ్లేటప్పుడు ఆపకండి, వెనక నుంచి కనబడే పిర్రల కదలిక, పాప నడుము ఎటు వంగుతోందో చూడ్డానికి అదే మంచి సమయం.

పక్క నుంచి అంటే బి లేదా ఇ దగ్గర, పొడుగు వైపు మధ్యలో. ఇక్కడ చూసేది వేరే. పాప చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిట్టనిలువు గీత మీద ఉన్నాయా? గుర్రం వెనక డెక్క ముందు డెక్క వదిలిన గుర్తు దాకా వస్తోందా? గుర్రం ముఖం నిలువు గీతకి కాస్త ముందు ఉందా, లేక పగ్గాలు లాగేసి గడ్డాన్ని ఛాతీ వైపు మడిచేశారా? ఈ చివరిది చాలా ముఖ్యం అక్కా, మూల నుంచి ఏటవాలుగా తీస్తే దీని గురించి వీడియో అబద్ధం చెప్తుంది, బాగున్న గుర్రం కూడా మెడ మడిచినట్టు కనబడుతుంది, మడిచిన గుర్రం బాగున్నట్టూ కనబడుతుంది. గుర్రం మీ ముందు నుంచి సరిగ్గా అడ్డంగా దాటే ఆ నాలుగైదు అడుగులే కోచ్ ఆపి ఆపి చూసుకుంటాడు.

ఇక సర్కిల్ మధ్యలో నిలబడడం. నన్నడిగితే మూడింటిలో అసలైనది ఇదే. 20 మీటర్ల సర్కిల్ నడిమధ్యలో మీరు నిలబడి మెల్లగా తిరుగుతుంటే గుర్రం ఎప్పుడూ మీకు 10 మీటర్ల దూరంలోనే ఉంటుంది, ఎప్పుడూ పక్క నుంచే కనబడుతుంది, సైజు మారదు, జూమ్ అక్కర్లేదు. ట్రాట్‌లో (దుడుకు నడకలో) లయ తప్పుతోందా, క్యాంటర్ (అంతకంటే వేగమైన మెల్లటి పరుగు) అడిగినప్పుడు ముందు ఏం జరుగుతోంది, మొత్తం దొరుకుతుంది. కాకపోతే లోపలి కాలు ఒక్కటే కనబడుతుంది కాబట్టి ఎడమ రీన్ మీద (అంటే ఎడమ వైపుకి తిరుగుతూ) ఒకసారి, కుడి రీన్ మీద ఒకసారి తప్పనిసరిగా తీయాలి. ఇష్టమైన వైపు మాత్రమే తీసి పంపే పిల్లలు చాలామంది, అలా చేస్తే కోచ్ చూడాల్సినదే ఆయనకి చేరదు.

ఇంకొకటి, ముక్కలు ముక్కలుగా బాగా వచ్చినవి ఏరి పంపకండి. గుర్రం తల ఎగరేసిన క్షణం కంటే దానికి ముందు వేసిన మూడు అడుగులు కోచ్‌కి ఎక్కువ విలువైనవి, ఎందుకంటే కారణం అక్కడుంటుంది. పాప చెయ్యి బిగిసిందా, ముందుకి వంగిందా, మూల మరీ పదునుగా తిప్పిందా అన్నది ఆ మూడు అడుగుల్లోనే ఉంటుంది, కట్ చేసిన వీడియోలో అది పోతుంది. మొత్తం ఎనిమిది పది నిమిషాలు చాలు, కానీ ఆ పది నిమిషాలూ కత్తిరింపు లేకుండా. వార్మప్ మొదటి రెండు నిమిషాలు కూడా ఉంటే ఇంకా మంచిది, గుర్రం లాయం నుంచి బిగుసుకుని వచ్చిందో వదులుగా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. వాక్ (మామూలు నడక) నుంచి ట్రాట్, ట్రాట్ నుంచి వాక్, ఇలా మారే చోట్లు ఎక్కువ ఉండేలా పాపకి చెప్పండి.

పెళ్లి_కెమెరా_గుంటూరు

మేడమ్, నాది పెళ్లిళ్ల వీడియోగ్రఫీ, కానీ మా బావమరిది కొడుకు గుర్రాలు నేర్చుకుంటుంటే వాడికి చాలాసార్లు తీశాను, కెమెరా సంగతి నేను చెప్తాను. ఫోన్ చాలు. కానీ దాంతో ఏం చేయకూడదో తెలియాలి.

ముందు లెక్క చూడండి. ఫోన్ మామూలు లెన్స్ వెడల్పుగా చూస్తుంది, అడ్డంగా పట్టుకుంటే 40 మీటర్ల దూరంలో దాదాపు 55 మీటర్ల వెడల్పు ఫ్రేమ్‌లోకి వస్తుంది. గుర్రం పొడుగు రెండున్నర మీటర్లు అనుకుంటే, ఫుల్ హెచ్‌డీలో అది తొంభై పిక్సెళ్లు కూడా ఉండదు. అంత చిన్న బొమ్మలో పాప మడమ ఎక్కడుందో ఏ కోచ్ చెప్పగలడు? అందుకని సి దగ్గర నుంచి తీసేటప్పుడు మీ ఫోన్‌లో 2 ఎక్స్ లేదా 3 ఎక్స్ అని వేరే లెన్స్ ఉంటే అది పెట్టి గుర్రంతో పాటు తిప్పండి. లెన్స్ లేకపోతే వేళ్లతో లాగి జూమ్ చేయకండి, దాని బదులు 4కెలో తీయండి, కోచ్ తన కంప్యూటర్‌లో పెద్దది చేసుకుంటాడు. సర్కిల్ మధ్యలో 10 మీటర్ల దగ్గర మాత్రం మామూలు లెన్స్, ఫుల్ హెచ్‌డీ చాలు, అక్కడ గుర్రం మూడు వందల పిక్సెళ్లు దాటుతుంది.

తీస్తున్నంతసేపూ జూమ్ ముందుకీ వెనక్కీ ఆడించకండి. జూమ్ మారుతుంటే గుర్రం వేగం పెరిగిందో మీ జూమ్ పెరిగిందో చూసేవాడికి తెలియదు. ఒకటి పెట్టుకుని దాంతోనే ఉండండి.

సెకనుకి 60 ఫ్రేములు పెట్టండి, 30 వద్దు. ట్రాట్‌లో ఒక పూర్తి అడుగు సెకను లోపే అయిపోతుంది, మెల్లగా నడిపి చూస్తే 30లో డెక్క నేలకి తగిలిన ఫ్రేమ్ తరచూ తప్పిపోతుంది. ఇది నిన్నటి సమస్య కాదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా లేదా అని 1878లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ దారి పక్కన వరసగా పన్నెండు కెమెరాలు పెట్టి తేల్చాడు. ఉంటాయి, అది కూడా కాళ్లు బారజాపినప్పుడు కాదు, కడుపు కింద ముడుచుకున్నప్పుడు. అప్పటిదాకా చిత్రకారులు బారజాపిన కాళ్లతోనే గాల్లో వేసేవాళ్లు. కంటికి అందనిది కెమెరా పట్టుకుంటుంది, ఆ అవకాశం ఇవాళ మీ జేబులో ఉంది కాబట్టి వాడుకోండి. మొత్తం స్లో మోషన్‌లో తీయకండి మేడమ్, చాలా ఫోన్లలో స్లో మోషన్ ప్లే అయ్యేటప్పుడు శబ్దం కూడా సాగిపోతుంది, లయ వినబడదు. కావాలంటే చివర్లో ఒక్క రౌండు విడిగా స్లో మోషన్‌లో తీసి పంపండి.

ఎత్తు సంగతి. ఫోన్ మీ ఛాతీ ఎత్తులో, సుమారు నాలుగున్నర అడుగులు, అంటే దాదాపు గుర్రం భుజం ఎత్తు. గ్యాలరీ మెట్ల మీద నుంచి తీస్తే పై నుంచి కనబడి గుర్రం ముందుభాగం కిందకి పడిపోయినట్టు ఉంటుంది. నేల మీద కూర్చుని తీస్తే కాళ్లు గొప్పగా ఎత్తుతున్నట్టు కనబడుతుంది, ఫొటోకి బాగుంటుంది, కోచ్‌కి పనికిరాదు. సి దగ్గర మాత్రం ఇంకో అడుగు ఎత్తు పెంచినా పరవాలేదు, అరీనా ఆ చివర కాస్త బాగా కనబడుతుంది.

ఫ్రేమ్‌లో పాప ముఖం కంటే డెక్కలు ముఖ్యం. అమ్మలు, నాన్నలు తీసిన వీడియోల్లో నేను చూసే మొదటి లోపం ఇదే, పిల్ల ముఖం మధ్యలో పెట్టుకుంటారు, గుర్రం కాళ్లు మోకాళ్ల దగ్గర తెగిపోతాయి. హెల్మెట్ పైన కొంచెం ఖాళీ, డెక్కల కింద కొంచెం నేల, గుర్రం వెళ్లే వైపు కాస్త ఎక్కువ ఖాళీ. చేత్తో పట్టుకుంటే కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి, నడుము నుంచి పైభాగం మొత్తం తిప్పండి, మణికట్టు తిప్పకండి. ట్రైపాడ్ ఉంది కదా, తల తిరిగే రకమైతే అది ఇంకా మంచిది.

పొద్దున ఏడు గంటలంటే ఎండ ఏటవాలుగా ఉంటుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. ముదురు గుర్రం వెనక తెల్లటి ఆకాశం వచ్చిందంటే ఫోన్ ఆకాశానికి సర్దుకుని గుర్రాన్ని నల్ల బొమ్మ చేసేస్తుంది. గుర్రం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి, అది చేసి మొదలుపెట్టండి. నాలుగు కాళ్లకీ తెల్లటి బూట్లో పట్టీలో కట్టమని సయీస్‌కి (గుర్రాన్ని చూసుకునే అతనికి) చెప్పండి, నల్ల కాళ్లలో ఏది ముందుదో ఏది వెనకదో అప్పుడు సులువుగా తెలుస్తుంది. పాప వదులు జాకెట్ వేసుకుంటే వీపు వంపు దాక్కుంటుంది, ఒంటికి అంటుకునే టీ షర్టు, అదీ గుర్రం రంగుకి భిన్నమైనది.

మణికొండ_అమ్మ

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. మా అమ్మాయి చదివి, డెక్కలు తెగిపోకుండా తీయమ్మా అని అప్పుడే నాకు క్లాసు పీకింది. ఒక్క డౌటు, మేము వీడియోకి వెనకాల పాట పెడదాం అనుకున్నాం, డ్రెసాజ్‌లో మ్యూజిక్ ఉంటుంది కదా, పెట్టొచ్చా? ఇంకా, అరీనా మధ్యలో నేను నిలబడితే మిగతా గుర్రాలకి ఇబ్బంది కాదా?

అనంతపురం_రైడర్

పాట వద్దక్కా. మ్యూజిక్‌తో చేసేది ఫ్రీస్టైల్ అని వేరే, అది చాలా ముందుకెళ్లాక. కోచ్‌కి డెక్కల శబ్దం కావాలి. వాక్ నాలుగు దెబ్బలు, ట్రాట్ రెండు, క్యాంటర్ మూడు. వాక్‌లో నాలుగూ సమానంగా వినబడకుండా రెండేసి జతలుగా పడుతుంటే గుర్రం వీపు బిగిసిందని కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు. పాప ఊపిరి బిగబట్టి రైడ్ చేస్తోందా, నాలుకతో క్లిక్ క్లిక్ అంటూ గుర్రాన్ని అదేపనిగా తోలుతోందా, అదీ వినబడుతుంది. మీరు మాత్రం మొదట్లో ఒక్కసారి గట్టిగా చెప్పండి: తేదీ, గుర్రం పేరు, నిన్న గుర్రానికి పని ఉందా సెలవా, ఇవాళ కొత్త కళ్లెం ఏదైనా వేశారా. ఆ తర్వాత తీస్తున్నంతసేపూ పక్కవాళ్లతో మాట్లాడకండి.

మధ్యలో నిలబడడం గురించి, ముందు ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి, మిగతా రైడర్లందరికీ చెప్పి, వాళ్లు చూస్తుండగా నడుచుకుంటూ లోపలికి వెళ్లండి. ఒకసారి నిలబడ్డాక అక్కడి నుంచి హఠాత్తుగా కదలకండి. గొడుగు, రెపరెపలాడే చున్నీ, ప్లాస్టిక్ కవరు ఏదీ తీసుకెళ్లకండి, గుర్రం బెదిరితే మీ అమ్మాయి ఒక్కతే కాదు మిగతావాళ్లూ పడొచ్చు. ట్రైపాడ్‌ని ట్రాక్ మీద గానీ ట్రాక్ పక్కన గానీ పెట్టొద్దు, కంచె బయటే. క్లాసు అయ్యాక మీ గుర్రం ఒక్కటే ఉండేలా పది నిమిషాలు ఇమ్మని స్కూలు వాళ్లని అడిగి చూడండి, ఇది దొరికితే సగం ఇబ్బందులు పోతాయి.

లీడ్స్_నుంచి

హాయ్ అండీ, ఇంగ్లండ్‌లో ఉంటాం, మా ఆవిడ పెద్దయ్యాక రైడింగ్ మొదలుపెట్టింది. ఇక్కడ ఆన్‌లైన్ డ్రెసాజ్ పోటీలు మామూలైపోయాయి, 2020లో కోవిడ్ వల్ల షోలు ఆగిపోయినప్పుడు బాగా పెరిగాయి, ఆ తర్వాతా ఆగలేదు. ఇంట్లోనో స్కూల్లోనో టెస్టు (ముందే ఇచ్చిన కదలికల వరస) చేసి వీడియో పెడితే జడ్జి చూసి, ప్రతి కదలికకీ పదికి మార్కులు వేసి, పక్కన కామెంట్ రాసి షీటు పంపిస్తారు. మీ పాపకి ఇది నెలకోసారి చేయించమని నా సలహా, ఎందుకంటే రోజూ చూసే కోచ్ కాకుండా పరిచయం లేని కన్ను ఒకటి చూస్తుంది. ఆరు అంటే సంతృప్తికరం, ఏడు అంటే ఫర్వాలేదు బాగుంది, ఐదు అంటే అంచున ఉందని అర్థం. స్కూలు మార్కుల లెక్కన చూసి 62 శాతమేనా అని కంగారుపడకండి, ఆ వయసులో నేర్చుకునే పిల్లకి అది నిజంగా మంచి స్కోరు. ఇక్కడ మొదటి మెట్టు టెస్టుల్లో క్యాంటర్ ఉండనే ఉండదు, వాక్, ట్రాట్ మాత్రమే, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఆ వీడియోలకి ఉండే నియమాలు మీ వారం వారం వీడియోలకి కూడా బాగా పనికొస్తాయి. మొదలు నుంచి చివరిదాకా ఒకే టేక్, ఎడిటింగ్ లేదు. మొదట్లో, చివర్లో సెల్యూట్ కనబడాలి. కెమెరా ఒకే చోట ఉండాలి, తిప్పొచ్చు గానీ నడవకూడదు. గుర్రం ఎప్పుడూ ఫ్రేమ్ దాటకూడదు. ఇక్కడ చాలామంది ఓడేది స్వారీలో కాదు, మూలల్లో. కెమెరాకి దగ్గరగా ఉండే మూలల్లో, సి పక్కనున్న హెచ్, ఎం దగ్గర, గుర్రం హఠాత్తుగా పెద్దదైపోయి ఫ్రేమ్ దాటేస్తుంది. అందుకే కెమెరాని కంచెకి ఆనించకుండా, జడ్జిలు కూర్చునేట్టుగా సి నుంచి ఐదు మీటర్ల వెనక పెడితే ఆ మూలలు కూడా హాయిగా వస్తాయి.

అక్షరాలు సరైన చోట ఉన్నాయో లేదో టేపుతో ఒకసారి కొలవండి. 20 బై 40లో బి, ఇ సరిగ్గా మధ్యలో ఉండాలి, కె, ఎఫ్, హెచ్, ఎం మూలల నుంచి 6 మీటర్ల దగ్గర. చాలా స్కూళ్లలో గోడకి మేకు ఎక్కడ దొరికితే అక్కడ తగిలిస్తారు. అక్షరం తప్పు చోట ఉంటే పాప చేసిన సర్కిల్ గుండ్రంగా ఉందో కోడిగుడ్డులా ఉందో వీడియో చూసి ఎవరూ చెప్పలేరు.

తనంతట తిరిగే స్టాండు గురించి: పివో అని ఫోన్ పెట్టుకునేది ఒకటి, పిక్సెమ్ అని ఇంకొకటి వాడేవాళ్లని చూశాను. పివో ఫోన్ కెమెరాతోనే గుర్రాన్ని గుర్తుపట్టి తిరుగుతుంది. పిక్సెమ్‌కి అరీనా చుట్టూ చిన్న బీకన్లు పెట్టాలి, రైడర్ చేతికి వాచీ లాంటిది కట్టుకోవాలి. ఒంటరిగా రైడ్ చేసేవాళ్లకి అవి వరం. మీరు స్వయంగా తీస్తున్నారు కాబట్టి ఇప్పుడే కొనొద్దు. పైగా మీ అరీనాలో ఇంకో రెండు గుర్రాలున్నాయంటున్నారు, బొమ్మని చూసి వెంబడించేవి గుర్రాలు ఎదురెదురు దాటేటప్పుడు రెండో గుర్రం వెంట పోతాయి.

వెట్_కడప

నేను పశువైద్యుడిని. పైన అందరూ స్వారీ గురించే చెప్పారు, ఒక విషయం మిగిలిపోయింది. వీడియో చూసి కోచ్ రైడర్‌లో లోపం అనుకునేది చాలాసార్లు గుర్రంలో నొప్పి అయి ఉంటుంది. ఒక వైపు క్యాంటర్ ఎత్తుకోదు, ఒక వైపు తిరగనంటుంది, తల ఊపుతుంది. పిల్లని తిట్టి, గుర్రాన్ని కొట్టి లాభం లేదు. ఒక్కోసారి వెన్నులోనో కాల్లోనో నొప్పి, ఒక్కోసారి జీను సరిపోదు.

కాబట్టి పదిహేను రోజులకోసారి రైడర్ లేకుండా ఒక వీడియో తీసి దాచుకోండి. గట్టి, చదునైన నేల మీద సయీస్ తాడు వదులుగా పట్టుకుని గుర్రాన్ని మీ నుంచి సూటిగా ముప్పై మీటర్లు ట్రాట్‌లో తీసుకెళ్లి, మళ్లీ మీ వైపుకే తేవాలి. తాడు బిగించి పట్టుకుంటే తల కదలిక ఆగిపోతుంది, చూడాల్సిందే అది. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకి ఆనినప్పుడు గుర్రం తల పైకి లేపుతుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందకి వంచుతుంది. వెనక కాలైతే వెనక నుంచి చూసినప్పుడు ఆ వైపు పిర్ర ఎక్కువ పైకీ కిందకీ ఆడుతుంది. తర్వాత ఒకసారి పక్క నుంచి, ఆ పైన లంజింగ్ (పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని సర్కిల్‌లో తిప్పడం) రెండు వైపులా. చిన్న కుంటు సూటిగా వెళ్లేటప్పుడు దాక్కుని సర్కిల్‌లో బయటపడుతుంది.

గుర్రం బాగున్నప్పుడు తీసిన వీడియో ఉండడం చాలా అవసరం. అనుమానం వచ్చిన రోజు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఇది డాక్టరు పరీక్షకి బదులు కాదు, వేడి, వాపు, నాడి చేత్తో పట్టి చూడాల్సిందే. కానీ డాక్టరు వచ్చే రోజుకి గుర్రం మామూలుగా నడిచేస్తే, ముందు రోజు తీసిన వీడియోనే మాకు ఆధారం. కుంటుతున్నట్టు అనిపిస్తే మాత్రం వీడియో కోసమని ఇంకో పది రౌండ్లు తిప్పించకండి, ఒక్కసారి తీసి ఆపేయండి.

మణికొండ_అమ్మ

డాక్టర్ గారూ, ఇది మాకు ఎవరూ చెప్పలేదు, ఈ ఆదివారమే తీయిస్తాను. స్కూలు గుర్రం కాబట్టి వాళ్లని కూడా అడగాలి. ఇక వాట్సాప్, వీడియో కాల్ సంగతి ఎవరైనా చెప్తారా?

పెళ్లి_కెమెరా_గుంటూరు

వాట్సాప్‌లో మామూలుగా వీడియో అని పంపితే నొక్కేసి చిన్నది చేస్తుంది, మీరు పడిన కష్టమంతా అక్కడే పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, 2 జీబీ దాకా వెళ్తుంది. ఫుల్ హెచ్‌డీ 60 ఫ్రేములు అయితే నిమిషానికి సుమారు 90 ఎంబీ, పది నిమిషాలకి 900. 4కె 60 ఫ్రేములు పెడితే నిమిషానికి 400 దాకా పోతుంది, పది నిమిషాలు పంపడం కష్టం, కాబట్టి 4కె అయితే 30 ఫ్రేములు పెట్టి సి నుంచి తీసేదానికే ఉంచండి. గూగుల్ డ్రైవ్‌లో వారానికో ఫోల్డర్ పెట్టి కోచ్ మెయిల్ ఐడీకి మాత్రమే షేర్ చేస్తే అన్నిటికంటే శుభ్రం. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ అని పెట్టేవాళ్లున్నారు, కానీ ఆ లింకు ఎవరి చేతికి వెళ్తే వాళ్లు చూడొచ్చు. చిన్నపిల్ల కాబట్టి డ్రైవే మంచిది మేడమ్. ఫైలు పేరులో తేదీ, ఎక్కడి నుంచి తీశారు, ఏ రీన్, ఇంతే రాయండి.

అనంతపురం_రైడర్

లైవ్ కాల్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మదింపుకి రికార్డ్ చేసిందే కావాలి. కాల్‌లో బొమ్మ మసకబారుతుంది, మాట ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. ‘ఇప్పుడు వదులు’ అని కోచ్ అనేసరికి ట్రాట్‌లో గుర్రం ఇంకో రెండు అడుగులు వేసేసి ఉంటుంది, పాప తప్పు సమయంలో వదులుతుంది, అదే అలవాటవుతుంది. అడుగు అడుగుకీ చెప్పే పాఠానికి కాల్ పనికిరాదు. కానీ ఒక వ్యాయామం ఇచ్చి, చేయించి, ఆపి, మాట్లాడుకోవడానికి బాగుంటుంది. చేస్తే ఇయర్‌బడ్ ఒక్క చెవికే, రెండో చెవి అరీనా కోసం ఖాళీగా ఉండాలి. కాల్ ఒక ఫోన్‌లో నడుస్తుంటే రెండో ఫోన్‌లో మామూలుగా రికార్డు చేసుకోండి.

లీడ్స్_నుంచి

ఎవరూ ఏమీ అనుకోకపోతే చిన్న మాట, మా ఆవిడకి లైవే ఎక్కువ పనికొచ్చింది. రికార్డు చూసి రెండు రోజులకి వచ్చే కామెంట్ చదివేసరికి ఆ రోజు ఒంట్లో ఎలా అనిపించిందో మర్చిపోయేది. పిల్లలకి ఆ సమస్య తక్కువేమో.

అనంతపురం_రైడర్

అన్నా, దానికి మేము చేసేది చెప్తాను, అక్కకి కూడా ఉపయోగం. గుర్రం దిగి, దాన్ని నడిపించి, ఒళ్లు తుడిచాక, వీడియో చూడకముందే రైడర్ తన గొంతుతో ఒక నిమిషం రికార్డు చేసి పంపాలి: ఎక్కడ బాగా అనిపించింది, ఎక్కడ కష్టమైంది, ఎక్కడ అర్థం కాలేదు. కోచ్ ముందు అది వింటాడు, తర్వాత వీడియో చూస్తాడు. పిల్ల ‘కుడి వైపు బాగా వచ్చింది’ అని చెప్పి, వీడియోలో కుడి వైపే నడుము వంకరగా ఉంటే, అప్పుడు కోచ్‌కి రెండు సంగతులు తెలుస్తాయి, ఒకటి వంకర ఉందని, రెండోది పాపకి ఆ వంకరే సూటిగా అనిపిస్తోందని. సరిచేసే పద్ధతి దాన్ని బట్టే మారుతుంది. అలాగే వారానికి ఒక్క ప్రశ్న రాసి పంపమనండి, పది వద్దు. ‘ఎడమ క్యాంటర్ ఎత్తుకునేటప్పుడు గుర్రం తల ఎందుకు లేపుతోంది, రెండో వీడియో మూడో నిమిషం’ అని రాస్తే కోచ్ నేరుగా అక్కడికే వెళ్తాడు.

కంప్యూటర్‌లో కినోవియా అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ చెవి నుంచి మడమ దాకా గీత గీసి చూసుకోవచ్చు. పాపనే నేర్చుకోమనండి, తన వీడియో తనే గీతలు గీసి చూసుకునే పిల్లలు త్వరగా మారతారు. మీరు మాత్రం గీతలు గీసి పాపకి చూపించకండి అక్కా, తప్పులు చెప్పే పని కోచ్‌కి వదిలేయండి, ఇంట్లో అమ్మ కూడా కోచ్ అయితే వీడియో తీస్తున్నప్పుడే పిల్ల ఒళ్లు బిగుసుకుంటుంది.

మణికొండ_అమ్మ

అర్థమైంది, నేను కెమెరా వరకే ఉంటాను. శనివారం క్లాసు తర్వాత పది నిమిషాలు అరీనా ఖాళీగా ఇస్తామన్నారు. సర్కిల్ రెండు రీన్ల మీద, సి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, 60 ఫ్రేములు, సి ది మాత్రం 4కె 30, సౌండ్ అలాగే ఉంచి. తెల్ల బూట్లు మా దగ్గర రెండే ఉన్నాయి, వెనక కాళ్లకి కట్టనా ముందు కాళ్లకా?

అనంతపురం_రైడర్

వెనక కాళ్లకి కట్టండి, అవి వెనక కాళ్లకి సరిపోయే రకమే అయితే. ముందు, వెనక బూట్ల కొలత, ఆకారం వేరుగా ఉంటాయి, సరిపోకపోతే రాసుకుపోతుంది, సయీస్‌ని అడగండి. సరిపోకపోతే బూట్లు వదిలేసి సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి చాలు.

వెట్_కడప

పట్టీలైతే మాత్రం చేతకానివాళ్లతో కట్టించొద్దు, బిగుతుగా కడితే కాలి వెనక స్నాయువుకి (టెండన్‌కి) దెబ్బ. బూట్లు తీశాక కాళ్లు చేత్తో తడిమి చూడమనండి.